ఆయిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు నూనె ఒలుకుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

మోటారు సైకిల్ ఆయిల్ ఫిల్టర్‌ను ఇంటి దగ్గర మార్చుకోవడం కష్టమైన పనేమీ కాదు. అయినా చాలామంది ఒకసారి చేసి మళ్లీ ఆ జోలికి పోరు. పని పూర్తయ్యేసరికి సైలెన్సర్ మీద, నేల మీద, ఒక్కోసారి టైరు మీద కూడా నల్లటి నూనె మిగలడమే అందుకు కారణం. బోల్టు వదులు చేయకముందే నూనె ఏ దారిన దిగాలో, ఎందులో పడాలో ఏర్పాటు చేసుకుంటే ఈ ఇబ్బంది దాదాపు పూర్తిగా తప్పుతుంది. ఇక్కడి పరిష్కారాల్లో చాలావరకు ఆ ఏర్పాటుకు సంబంధించినవే.

ఉదాహరణగా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ని, అందులోనూ 2021లో కొత్త ఇంజన్ రాకముందు అమ్మిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజన్, అంటే ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండేది) బండిని తీసుకుంటున్నాను. దాని ఫిల్టర్ ఇంజన్‌కు కుడివైపున, మూడు చిన్న బోల్టులున్న మూత వెనుక ఉంటుంది. సైలెన్సర్ బెండ్ పైపు, బ్రేక్ పెడల్ కూడా అటువైపే ఉండటం వల్ల ఒలికిన నూనె నేరుగా వాటి మీదికే చేరుతుంది. స్ప్లెండర్ వంటి 100 సీసీ బండ్లలో మార్చవలసిన కాగితపు ఫిల్టరే ఉండదు కనుక, వాటికి డ్రెయిన్ బోల్టు (పాత నూనె దింపడానికి ఇంజన్ అడుగున ఉండే బోల్టు) గురించి, ఆయిల్ మట్టం గురించి చెప్పినవి మాత్రమే వర్తిస్తాయి.

డ్రెయిన్ బోల్టు ఊడగానే నూనె ట్రే దాటి చిమ్ముతోంది

ఇంజన్‌లో ఉన్న రెండు లీటర్లకు పైగా నూనె బరువు మొదటి క్షణంలో ఆ చిన్న రంధ్రం మీదే పడుతుంది కాబట్టి ధార ముందు ఏటవాలుగా దూరం వెళ్లి, మట్టం తగ్గేకొద్దీ దగ్గరగా పడుతుంది. దూర ప్రయాణం నుంచి రాగానే విప్పితే నూనె మరీ పలచగా ఉండి ఇంకా ఎక్కువగా చిమ్ముతుంది, చేయి కూడా కాలుతుంది. చల్లటి ఇంజన్‌ను మూడు నుంచి ఐదు నిమిషాలు నడిపి, ఆపి, మరో పది నిమిషాలు ఆగితే నూనె గోరువెచ్చగా, దిగడానికి అనువుగా ఉంటుంది.

ట్రే కోసం ప్రత్యేకంగా ఖర్చు చేయనక్కరలేదు. ఐదు లీటర్ల ఖాళీ వంటనూనె డబ్బాను పడుకోబెట్టి, పైకి వచ్చిన వెడల్పాటి పక్కను కత్తితో కోసేసి, మూతను మాత్రం గట్టిగా బిగించి ఉంచండి. వెడల్పు సరిపోతుంది, ఎత్తు తక్కువ కనుక బండి కింద పడుతుంది, పని అయ్యాక మూత తీసి పాత నూనెను అదే మూతి నుంచి వేరే డబ్బాలోకి ఒలకకుండా వంచవచ్చు. బోల్టు చివరి మరలను పానాతో కాకుండా వేళ్లతో, బోల్టును లోపలికి నొక్కుతూ తిప్పండి. మరలు పూర్తిగా వదిలాయని తెలిసిన వెంటనే చేతిని పక్కకు లాగేస్తే ధార ట్రేలోనే పడుతుంది.

ఫిల్టర్ మూత తీయగానే నూనె ఇంజన్ మీదుగా బెండ్ పైపు మీదికి కారుతోంది

ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. డ్రెయిన్ బోల్టు నుంచి నూనె మొత్తం దిగిపోయిందని అనుకుంటాము గానీ, ఫిల్టర్ గదిలోనూ ఫిల్టర్ కాగితంలోనూ కొంత నూనె నిలిచే ఉంటుంది. మూడు బోల్టులనూ ఒకేసారి తీసేసి మూతను లాగితే అదంతా ఒక్కసారిగా బయటపడుతుంది.

ముందుగా బండిని మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి డ్రెయిన్ పూర్తిగా కానివ్వండి. చుక్కలు బాగా తగ్గాక డ్రెయిన్ బోల్టు బిగించి, బండిని సైడ్ స్టాండ్ మీదికి మార్చండి. బండి ఎడమవైపుకు వాలుతుంది, కుడివైపున్న ఫిల్టర్ గది పైకి లేస్తుంది, అందులో మిగిలిన నూనె బయటికి రాకుండా చాలావరకు లోపలే నిలుస్తుంది. నేను చూసినంతలో ఇంత చిన్న మార్పుతో ఇంత శుభ్రత ఇచ్చే ఉపాయం మరొకటి లేదు.

తరువాత వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ను జానెడు వెడల్పున చించి, రెండు మడతలు వేసి, రెండు అంచులనూ పైకి లేపి చూరు కింద పెట్టే దోనెలా చేయండి. దాని ఒక కొసను మూత కింది అంచుకు ఆనించి వేలితో గట్టిగా అదమండి, రెండో కొసను బెండ్ పైపు మీదుగా ట్రేలోకి దించండి. ఇప్పుడు కింది బోల్టులను రెండేసి చుట్లు వదులు చేసి, పైదాన్ని అలాగే ఉంచండి. మూత కింది అంచు వెంట్రుకవాసి తెరుచుకుని, నల్లటి నూనె సన్నటి దారంలా ఫాయిల్ మీద జారడం కనిపిస్తుంది. ఆ దారం తెగి చుక్కలుగా మారేదాకా ఆగి, ఆ తరువాతే బోల్టులన్నీ తీయండి.

మూత అంటుకుపోయి రాకపోతే స్క్రూడ్రైవర్ పిడితో చుట్టూ మెల్లగా తట్టండి. దాని మొనను సందులో దూర్చి పెకలించవద్దు, ఎందుకంటే మెత్తటి అల్యూమినియం ముఖం మీద పడే ఒక్క గీత చాలు, తరువాత ఎంత బిగించినా నూనె చెమరుస్తూనే ఉంటుంది. ఫిల్టర్‌ను తీసే ముందు అది ఏ వైపు తిరిగి ఉందో, స్ప్రింగ్ ఉంటే ఎటువైపు ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఆ తరువాత ఒక ప్లాస్టిక్ కవరును చేతికి తొడుక్కుని, ఫిల్టర్‌ను పట్టుకుని బయటికి లాగుతూ కవరును దాని మీదికి తిరగేస్తే ఫిల్టర్‌తో పాటు దాని నుంచి కారే నూనె కూడా కవరులోనే ఉండిపోతుంది.

ఇంటర్‌సెప్టర్ 650 వంటి బండ్లలో డబ్బాలా ఉండే, మరలతో తిప్పి బిగించే ఫిల్టర్ ఇంజన్ ముందుభాగంలో ఉంటుంది. దాన్ని కొద్దిగా వదులు చేసి, మందపాటి కవరును కింద నుంచి తొడిగి, కవరు మీదుగానే తిప్పి తీయాలి.

బండి స్టార్ట్ చేయగానే పొగ, మాడు వాసన

పైపు మీద పడిన నూనె కాలుతోంది. ఇంజన్ ఆపి, పైపు పూర్తిగా చల్లారాక పొడిగుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లతో కడగండి. వేడి పైపు మీద పెట్రోలు గానీ కిరోసిన్ గానీ వాడటం నిప్పుతో చెలగాటమే. శుభ్రం చేశాక కూడా పొగ వస్తుంటే అది పాత మరక కాదు, కొత్త లీకు.

మార్చిన తరువాత మూత దగ్గర నూనె చెమరుస్తోంది

మొదటి అనుమానం పాత ఓ-రింగ్ మీదే, అంటే మూత గాడిలో కూర్చుని నూనెను ఆపే రబ్బరు రింగు మీదే ఉండాలి. ఒకసారి నేను పాత ఓ-రింగ్ మూత గాడిలోనే అంటుకుని ఉండటం గమనించకుండా దాని మీదే కొత్తది పెట్టి బిగించాను. నిలిపి చూసినప్పుడు ఒక్క చుక్క కూడా రాలేదు గానీ, ఇరవై కిలోమీటర్లు వెళ్లేసరికి కుడి చెప్పు తడిసిపోయింది. నూనె ఒత్తిడి పెరిగాక రెండు రింగులూ ఒకదాని మీద ఒకటి జారిపోయాయి. ఆ నూనె వెనక టైరుకు చేరి ఉంటే మలుపులో ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమే. అప్పటి నుంచి పాత రింగును చేతిలోకి తీసుకుని కొత్తదాని పక్కన పెట్టి చూసేదాకా మూత బిగించడం లేదు.

పాత రింగు వచ్చేసినా లీకు ఉంటే, రింగు గాడి తప్పి నలిగిందేమో, కింద ఇసుక రేణువు ఉందేమో చూడండి. కొత్త రింగుకు వేలితో కొత్త నూనె రాస్తే అది మెలిక పడకుండా కూర్చుంటుంది. మూడు బోల్టులనూ ముందు చేతితో ఎక్కించి, తరువాత వంతులవారీగా కొద్దికొద్దిగా బిగించండి. 6 ఎంఎం బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, అంటే పొట్టి పానాతో మణికట్టు బలమే. లీకు ఆపాలని బలంగా తిప్పితే అల్యూమినియంలో థ్రెడ్ పోతుంది, అప్పుడిక లేత్ పని చేసేవారి దగ్గరికి వెళ్లవలసిందే. 650 వంటి బండ్ల డబ్బా ఫిల్టర్‌కైతే రబ్బరు ఇంజన్‌కు తాకిన తరువాత చేతితో సుమారు ముప్పావు చుట్టు తిప్పితే సరిపోతుంది.

చుక్క డ్రెయిన్ బోల్టు నుంచి పడుతుంటే దాని వాషర్ కారణం కావచ్చు. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ అంత బాగా అతుక్కోదు, కొత్తది వేయండి.

స్టార్ట్ చేశాక ఇంజన్ పైన టకటక శబ్దం

ఖాళీ ఫిల్టర్ గది నిండేదాకా పైకి నూనె అందదు. యూసీఈ ఇంజన్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లు (వాల్వులను కదిపే, లోపల నూనె నిండి ఉండే భాగాలు) ఉండటం వల్ల అవి మళ్లీ నిండేదాకా కొద్దిసేపు శబ్దం రావడం సహజం. కొత్త ఫిల్టర్‌ను ముందుగా నూనెలో తడిపి, బండి సైడ్ స్టాండ్ మీద ఉండగానే గదిలో కొద్దిగా నూనె పోసి మూత పెడితే ఆ వ్యవధి తగ్గుతుంది. యాక్సిలరేటర్ తిప్పకుండా ఆగండి. శబ్దం తగ్గకపోతే, లేదా ఆయిల్ ప్రెషర్ లైటు ఉన్న బండిలో అది ఆరకపోతే, వెంటనే ఇంజన్ ఆపి, ఫిల్టర్ తలకిందులుగా పెట్టారేమో మీరు తీసుకున్న ఫోటోతో పోల్చి చూడండి.

కొద్దిరోజులకు ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో నూనె

నూనె ఎక్కువైంది. సైడ్ స్టాండ్ మీద మట్టం చూసి, తక్కువగా ఉందనుకుని మరింత పోయడం వల్లనే తరచుగా ఇలా జరుగుతుంది. హ్యాండ్‌బుక్‌లో చెప్పిన కొలతకు 200 మిల్లీలీటర్లు తక్కువ పోసి, రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, పది నిమిషాల తరువాత మెయిన్ స్టాండ్ మీద, ఇంజన్ పక్కన మట్టం చూపే చిన్న గాజు కిటికీలో మట్టం చూసి మిగతాది కలపండి. ఎక్కువైనది తీయడానికి సన్నటి గొట్టం తగిలించిన పెద్ద సిరంజి ఉపయోగపడుతుంది.

టైరు మీద, డిస్క్ మీద, నేల మీద పడిన నూనె

టైరును సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి, ఆరాక గుడ్డతో రుద్ది చూడండి, నలుపు జిడ్డుగా అంటితే మళ్లీ కడగాలి. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. బ్రేక్ ప్యాడ్ నూనె పీల్చుకుంటే మాత్రం దాన్ని మార్చడమే క్షేమం. నేల మీద మరకకు నీళ్లు పోస్తే అది పాకుతుంది, రంపపు పొట్టు గానీ ముగ్గుపిండి గానీ మందంగా చల్లి, గంట ఆగి ఊడ్చి, అప్పుడు సబ్బు పొడితో రుద్దండి.

పాత నూనెను చెదలకని చెక్కకు పూయడం, గొలుసుకు రాయడం మన ఊళ్లలో అలవాటు. అందులో లోహపు పొడి, క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఉంటాయి కనుక చేతికి తొడుగు లేకుండా తాకవద్దు, మురుగుకాలువలో అసలే పోయవద్దు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వాడిన నూనె కూడా వస్తుంది. దాన్ని మూత ఉన్న డబ్బాలో పోసి, ఫిల్టర్ ఉన్న కవరుతో పాటు, పాత నూనెను రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.