నవలలోని నిఘా రాజ్యాన్ని మన రోజుతో పోల్చి రాయడం ఎలా?

డిస్టోపియా నవలను, అంటే జనాన్ని అణిచిపెట్టే సమాజాన్ని ఊహించి రాసిన నవలను, ఇప్పటి జీవితంతో పోల్చి రాయమని మా డిగ్రీ పిల్లలకు ఏటా అసైన్‌మెంట్ ఇస్తాను. చాలా పేపర్లు ఒకే వాక్యంతో మొదలవుతాయి: “ఆర్వెల్ చెప్పిన టెలిస్క్రీనే ఇవాళ మన చేతిలోని ఫోను.” దాని పక్కన ఎర్ర ఇంకుతో ‘ఎలా?’ అని రాస్తాను. ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడానికి నేను క్లాసులో చెప్పే పద్ధతి ఇది.

నవల మొత్తాన్ని నెత్తికెత్తుకోవద్దు. అందులోంచి ఒక్క కట్టడిని తీసుకోండి. కాగితం మీద ఐదు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు చేస్తున్నారు? ఎవరి మీద? దేనితో? కాదంటే ఏమవుతుంది? ఎవరికి మినహాయింపు? చివరి రెండింటినీ పిల్లలు దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు. అసలు సరుకంతా ఉండేది అక్కడే.

టెలిస్క్రీన్‌నే తీసుకుందాం. 1949లో వచ్చిన జార్జ్ ఆర్వెల్ నవల ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’లో అది గోడకు ఉంటుంది. మాట్లాడుతుంది, వింటుంది, చూస్తుంది. సౌండ్ తగ్గించుకోవచ్చు గానీ పూర్తిగా ఆపే వీలు లేదు. విన్‌స్టన్ (కథానాయకుడు) గదిలో అది ఉండాల్సిన చోట కాకుండా వేరే గోడకు ఉండటంతో, ఒక మూల చిన్న చాటు మిగిలింది. అతను డైరీ రాసేది ఆ మూలన ఒదిగి కూర్చునే. తర్వాత దేశాన్ని ఏలే పార్టీలో పైస్థాయి వ్యక్తి అయిన ఓబ్రయన్ ఇంటికి వెళ్తే, ఆయన స్విచ్ నొక్కి టెలిస్క్రీన్ ఆపేస్తాడు. విన్‌స్టన్ నోరెళ్లబెడతాడు. పైస్థాయి పార్టీ వాళ్లకు ఆ వెసులుబాటు ఉంది, అదీ అరగంట దాటితే మంచిది కాదు. ఇక జనాభాలో 85 శాతం ఉన్న, పార్టీలో లేని శ్రామిక జనమైన ప్రోల్స్‌లో ఎక్కువ మంది ఇళ్లలో టెలిస్క్రీనే లేదు. అంటే నిఘా అందరి మీదా ఒకేలా లేదు. ఈ సంగతి పట్టుకున్న పేపరు నాకు ఇప్పటిదాకా రెండు మూడుసార్లే కనిపించింది.

ఇప్పుడు అవే ఐదు ప్రశ్నలు మీ ఫోనుకు వేయండి. ఊహించి రాయొద్దు, సెట్టింగ్స్ తెరిచి చూడండి. నేను చూసినప్పుడు నా ఫోన్‌లో 11 యాప్‌లకు మైక్ పర్మిషన్ ఉంది. వాటిలో ఒకటి ఫొటోలు కత్తిరించుకునే యాప్. దానికి నా గొంతుతో ఏం పని? అయినా ‘అలో’ నొక్కింది నేనే, చదవకుండా. ఎవరు చేస్తున్నారంటే ఒక్క ప్రభుత్వం కాదు, రకరకాల కంపెనీలు. అలాగని ప్రభుత్వాలు లేవనీ కాదు: అమెరికా ఎన్‌ఎస్‌ఏ అనే నిఘా సంస్థ కోట్లాది ఫోన్ కాల్స్ రికార్డులను మూకుమ్మడిగా సేకరిస్తోందని 2013లో దానికి కాంట్రాక్టుపై పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో తెలిసింది. కాదంటే ఏమవుతుంది? ఫోన్ ఆపేస్తే నా ఇంటికి పోలీసు రాడు. కానీ ఓటీపీ రాదు, బ్యాంకు పని ఆగుతుంది, కాలేజీ గ్రూపులో వచ్చిన టైమ్‌టేబుల్ మార్పు తెలియదు. విన్‌స్టన్‌ది ప్రాణభయం, నాది పనులు ఆగిపోతాయన్న టెన్షన్. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. ఆ తేడా రాస్తేనే అది పోలిక అవుతుంది.

అందుకే పోలికల కంటే ముందు తేడాలు రాయమంటాను. ‘అచ్చం’, ‘సరిగ్గా అలాగే’ అనే మాటలు చిత్తుప్రతిలో ఎక్కడ కనిపించినా కొట్టేయండి. కొట్టేశాక కూడా వాక్యం నిలబడిందంటే అందులో పస ఉన్నట్టే.

తేడా రాస్తే పోలిక పలచబడుతుందని భయపడకండి. 2009లో అమెజాన్ సంస్థ, హక్కులు లేని అమ్మకందారు పెట్టిన కాపీలని చెప్పి, జనం కొనుక్కున్న కిండిల్ అనే ఈ-పుస్తక పరికరాల్లోంచి ఆర్వెల్ పుస్తకాలను దూరం నుంచే తొలగించింది. వాటిలో ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ కూడా ఉంది. నవలలోని మెమరీ హోల్, అంటే పాత కాగితాలు పడేస్తే నేరుగా కొలిమిలోకి పోయే కంత, వెంటనే గుర్తొస్తుంది. అడగకుండా, మన దగ్గరున్న పుస్తకం మాయమవడం వరకు పోలిక గట్టిదే. కానీ ఇక్కడ డబ్బు వాపసు ఇచ్చారు, పత్రికలు రాశాయి, సంస్థ అధిపతి క్షమాపణ చెప్పారు, తన నోట్స్ పనికిరాకుండా పోయాయని ఒక విద్యార్థి కోర్టుకెళ్లాడు. నవలలో చాక్లెట్ రేషన్‌ను 30 గ్రాముల నుంచి 20కి తగ్గించి, మర్నాడే 20కి పెంచినందుకు జనం కృతజ్ఞతలు చెప్పారని ప్రకటిస్తారు. పాత అంకె రుజువు ఎక్కడా దొరకదు. పుస్తకం పోవడం వేరు, పోయిందన్న గుర్తే పోవడం వేరు. ఈ ఒక్క గీత గీయగలిగితే మీ వ్యాసానికి వెన్నెముక దొరికినట్టే.

ఏ నవలను ఎంచుకోవాలన్నది మీరు చూస్తున్న కట్టడిని బట్టి ఉంటుంది. భయంతో నడిపించేదైతే ఆర్వెల్. సుఖంతో, సోమా అనే మత్తు మాత్రతో జోకొట్టేదైతే 1932 నాటి హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’. జనమే చదవడం మానుకున్నాక, ఆ తర్వాత పుస్తకాలు కాల్చేవాళ్లు వచ్చిన కథ కావాలంటే 1953 నాటి బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’. అర్ధరాత్రి దాకా వీడియోలు వదల్లేకపోవడం గురించి రాస్తూ ఆర్వెల్‌ను పిలిచారంటే తప్పుడు సాక్షిని బోనెక్కించినట్టే.

రచయిత ఏ కాలం చూసి రాశాడో ఒక్క పేరాలో చెప్పండి, చాలు. ఆర్వెల్ యుద్ధకాలంలో బీబీసీలో పనిచేశాడు, స్టాలిన్ రష్యాను గమనించాడు. ఆయన జోస్యం చెప్పాడా లేదా అన్న చర్చ జోలికి పోకండి.

‘ఆధునిక జీవితం’ అని గుండుగుత్తగా రాయడం కూడా మానండి. ఎవరి జీవితం? టాయిలెట్‌కు వెళ్లిన నిమిషాలు కూడా కంప్యూటర్ లెక్కపెట్టే చోట పనిచేసే అమ్మాయి ఒకరు మా సాయంత్రం బ్యాచ్‌లో ఉండేది. ఫోన్ గురించి ఒక్క ముక్క రాయలేదు. తన సూపర్‌వైజర్ స్క్రీన్ గురించి రాసింది, ఆ ఐదు ప్రశ్నలతో. మినహాయింపు ఎవరికన్న చోట, “సూపర్‌వైజర్ టైము ఎవరూ లెక్కపెట్టరు” అని రాసి ఓబ్రయన్ స్విచ్ పేజీ నంబరు వేసింది. ఆ పేపరు మీద నేను ‘ఎలా?’ అని రాయాల్సిన అవసరం రాలేదు.