ఇమ్యునాలజీ పరిశోధకుల ప్రచురణలను, వాటి ప్రభావాన్ని అంచనా వేయడం ఎలా?

ఒక ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) పరిశోధకుడి కృషి ఎంత విలువైనదో తేల్చవలసిన పని పరిచయ వ్యాసం రాసేవారికి, పిహెచ్‌డి మార్గదర్శకుడిని ఎంచుకునే విద్యార్థికి, పురస్కార సంఘంలోని సభ్యుడికి తరచుగా ఎదురవుతుంది. అప్పుడు ఎవరి చూపైనా ముందుగా సైటేషన్ల సంఖ్య మీదికే పోతుంది. ఒక పత్రాన్ని ఎంతమంది ప్రస్తావించారో ఆ సంఖ్య చెబుతుంది గాని, దానివల్ల ఇతరుల ప్రయోగాలలో ఏమి మారిందో చెప్పలేదు. నా దృష్టిలో శాస్త్ర ప్రభావం అనదగినది ఆ మార్పే. పత్రం వెలువడ్డాక ఇతర ప్రయోగశాలలు వేసుకునే ప్రశ్న మారిందా, వాడే పద్ధతి మారిందా, అంతవరకు నమ్ముతూ వచ్చిన దానిని వదులుకున్నారా అన్నది వెతికి పట్టుకోవడానికి ఓపిక ఉంటే చాలు. ఎలా వెతకాలో ఇక్కడ వివరిస్తాను.

జాబితా తయారు చేసుకోవడం

అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1996 నుంచి అందిస్తున్న పబ్‌మెడ్ ఉచితంగా అందుబాటులో ఉంది. అక్కడ ఇంటిపేరు, పొడి అక్షరాలతో వెతికితే వైద్య, జీవశాస్త్ర జర్నళ్లలోని పత్రాలు చాలావరకు దొరుకుతాయి. అయితే ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలు గలవారు అనేకులు ఉంటారు కనుక, పనిచేసిన సంస్థను, సహ రచయితలను, విషయాన్ని సరిపోల్చుకుంటూ ఇతరుల పత్రాలను ఏరివేయాలి. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటే ఈ శ్రమ తగ్గుతుంది. కాకపోతే అందులోని జాబితా పరిశోధకుడు చేర్చుకున్నంత మేరకే ఉంటుంది కాబట్టి, పాత పత్రాలు లేకపోవడం మామూలే.

జాబితా చేతికి వచ్చాక సొంత ప్రయోగ ఫలితాలను తెలిపే మూల పత్రాలను ఒకవైపు, ఇతరుల పనిని క్రోడీకరించే సమీక్షా వ్యాసాలను మరొకవైపు పెట్టుకోవాలి. సమీక్షా వ్యాసాలకు సహజంగానే సైటేషన్లు ఎక్కువ వస్తాయి, అందువల్ల రెండింటినీ కలిపి లెక్కిస్తే అంచనా దారి తప్పుతుంది. దీనికి గొప్ప మినహాయింపులు ఉన్నాయి. చార్లెస్ జేన్‌వే 1989లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సు సంపుటిలో రాసిన వ్యాసం ప్రధానంగా ఒక ప్రతిపాదన: సూక్ష్మజీవులలో మాత్రమే ఉండే అణువుల అమరికలను గుర్తుపట్టే గ్రాహకాలు మన సహజ రోగనిరోధక వ్యవస్థలో ఉండి తీరాలని ఆయన తర్కబద్ధంగా వాదించారు. 1997లో ఆయన, రుస్లాన్ మెజిటోవ్ కలిసి మానవులలో టోల్ గ్రాహకాన్ని గుర్తించారు, మరుసటి ఏడాది బ్రూస్ బ్యూట్లర్ బృందం చిట్టెలుకలలో అలాంటి గ్రాహకమే బాక్టీరియా విషపదార్థాన్ని పసిగడుతుందని చూపింది. ఇలాంటి వ్యాసాన్ని సమీక్షల గుట్టలో పడేసి మరిచిపోకూడదు.

రచయితల వరుసను కూడా గమనించాలి. ఈ రంగంలో మొదటి పేరు సాధారణంగా ప్రయోగాలు ఎక్కువగా చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాలను నడిపినవారిది. మధ్యలో ఉన్న పేరు ఒక్క యాంటీబాడీ పంపినవారిది కావచ్చు, కీలకమైన చిట్టెలుక జాతిని తయారుచేసిన వారిదీ కావచ్చు. ఇప్పుడు చాలా జర్నళ్లు ఎవరు ఏ పని చేశారో పత్రం చివర ప్రచురిస్తున్నాయి. ఊహించుకునే ముందు ఆ భాగం చదవాలి.

మూల పత్రం చదివేటప్పుడు

మొత్తం జాబితాను చదవనక్కరలేదు. పరిశోధకుడి పేరుతో ముడిపడిన రెండు మూడు ప్రధాన వాదనలను గుర్తించి, ఒక్కొక్క దాని తొలి మూల పత్రాన్ని పూర్తిగా చదివితే చాలు. సారాంశంతో ఆగిపోకుండా బొమ్మల దగ్గరకు వెళ్లాలి. ఇమ్యునాలజీ పత్రాలలో తరచుగా కనిపించేది ఫ్లో సైటోమెట్రీ చిత్రం, అంటే కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి గుండా పంపి కొలిచే పద్ధతి ఇచ్చే చిత్రం. ఒక్కో చుక్క ఒక్కో కణం: చుక్కల మేఘంలో ఒక భాగం చుట్టూ గీత గీసి, ఈ గీత లోపల ఉన్నవే మా కణాలు అని రచయితలు అంటారు. ఆ గీత కాస్త జరిగితే శాతం మారిపోతుంది. కనుక గీతను ఎక్కడ గీయాలో దేని ఆధారంగా నిర్ణయించారు, మృత కణాలను ముందే తొలగించారా, ఎన్ని జంతువులలో ఎన్నిసార్లు ఇదే ఫలితం వచ్చింది అన్నవి చిత్రం కింది వివరణలోనూ అనుబంధ చిత్రాలలోనూ వెతకాలి.

చిట్టెలుకలతో చేసిన పని అయితే పోలికకు తీసుకున్న జంతువులు ఒకే తల్లి ఈతలో పుట్టినవేనా అని చూడడం ఎంతో అవసరం. 2009లో డాన్ లిట్‌మన్ బృందం ప్రచురించిన పత్రం ఇందుకు కారణం చెబుతుంది. వేర్వేరు సరఫరాదారుల నుంచి వచ్చిన ఒకే జాతి చిట్టెలుకల పేగులలో టిహెచ్17 అనే ఒక రకం రోగనిరోధక కణాల సంఖ్య ఎంతో తేడాగా ఉంది. ఒక చోటి జంతువుల పేగులలో ఒక రకం తంతు బాక్టీరియా ఉండడం, మరొక చోటి వాటిలో అది లేకపోవడమే ఆ తేడాకు మూలం. జన్యువును తొలగించినందువల్ల వచ్చిందనుకున్న మార్పు నిజానికి బాక్టీరియా వల్ల వచ్చి ఉండవచ్చన్న మెలకువ ఆ తరువాత ఈ రంగమంతటా పెరిగింది.

ఒక పత్రాన్ని చివరిదాకా వెంబడిస్తే

షిమన్ సకగుచి 1995లో జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో ప్రచురించిన పత్రాన్ని తీసుకుందాం. అది వెలువడినప్పటి వాతావరణం తెలియకపోతే దాని విలువ అర్థం కాదు. టి కణాలు రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు. వాటిలో ఇతర రోగనిరోధక కణాలను అణచివేసేవి ఉన్నాయని 1970లలో ఎందరో రాశారు. ఆ వాదనకు ఆధారంగా చూపిన ఒక జన్యువు చెప్పిన చోట లేనే లేదని 1980లలో తేలడంతో, అణచివేత అన్న మాట ఎత్తడానికే పరిశోధకులు వెనుకాడే పరిస్థితి వచ్చింది. సకగుచి మాత్రం అంతకుముందే జపాన్‌లో వెలువడిన ఒక పరిశీలనను పట్టుకుని వదలలేదు: పుట్టిన మూడవ రోజున, టి కణాలు తయారయ్యే థైమస్ గ్రంథిని తొలగించిన చిట్టెలుకలకు తరువాత సొంత అవయవాల మీదే దాడి జరిగే వ్యాధులు వస్తున్నాయి.

1995 నాటి ప్రయోగం తేటగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకల సిడి4 అనే రకం టి కణాలలో దాదాపు 10 శాతం కణాలపై సిడి25 అనే అణువు ఉంటుంది. ఆ కణాలను తీసివేసి, మిగిలిన వాటిని థైమస్ లేని చిట్టెలుకలకు ఎక్కించినప్పుడు థైరాయిడ్, జీర్ణాశయం, అండాశయం వంటి అవయవాలలో స్వయం నిరోధక వ్యాధులు తలెత్తాయి. తొలగించిన కణాలను తగిన వ్యవధిలో తిరిగి ఇచ్చినప్పుడు వ్యాధులు రాలేదు. తీసివేస్తే వ్యాధి, తిరిగి ఇస్తే రక్షణ అనే ఈ జంట ఫలితంలోనే పత్రం బలమంతా ఉంది.

ఇప్పుడు ఆ తరువాతి ఏళ్లను చూడాలి. అణచివేత కణాల వాదనను గట్టిగా సందేహించిన ఈథన్ షెవాక్ తన ప్రయోగశాలలో స్వయంగా పరీక్షించి, 1998లో ఆ కణాలు పరీక్షనాళికలోనూ ఇతర టి కణాలను అణచివేస్తాయని ప్రచురించారు. విమర్శకుడే ప్రయోగం చేసి ఒప్పుకోవడం కంటే బలమైన సాక్ష్యం నాకు తెలియదు; వంద పొగడ్తలను పక్కన పెట్టి ఇలాంటి ఒక్క పత్రం కోసం వెతకమంటాను. 2001లో మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బృందం స్కర్ఫీ అనే జబ్బు చిట్టెలుకలలో ఫాక్స్‌పి3 జన్యువు దెబ్బతిన్నదని కనుగొంది. అదే జన్యువు లోపం మగ పిల్లలలో ఐపెక్స్ అనే తీవ్ర వ్యాధికి కారణమని ఆ ఏడాదే తేలింది. 2003లో సకగుచి, రామ్స్‌డెల్, అలెగ్జాండర్ రుడెన్‌స్కీ బృందాలు ఈ నియంత్రక టి కణాలు ఏర్పడడానికి ఫాక్స్‌పి3 కీలకమని విడివిడిగా చూపాయి. వేరే దారిలో, వేరే ప్రశ్నతో బయలుదేరినవారు వచ్చి అదే చోట కలవడం వల్ల వాదన స్థిరపడింది. 2025 నోబెల్ వైద్య పురస్కారం సకగుచి, బ్రన్‌కో, రామ్స్‌డెల్‌లకు దక్కింది గాని, ప్రభావాన్ని అంచనా వేసేవారు అంతవరకు ఆగనక్కరలేదు. 2003 నాటికే చదవగలిగినవారికి విషయం తెలిసిపోయింది.

పరిమితులను కూడా నమోదు చేయాలి. సిడి25 ఉత్తేజితమైన మామూలు టి కణాలపై కూడా కనిపిస్తుంది. మనుషులలో ఫాక్స్‌పి3 సైతం అలాంటి కణాలలో కొంతకాలం కనిపించి పోతుంది. అందువల్ల మానవ రక్తంలో నియంత్రక కణాలను కచ్చితంగా వేరుచేయడం చిట్టెలుకలలో చేసినంత సులువు కాదు.

ప్రస్తావించిన వాక్యాలను చదవడం

ఒక పత్రాన్ని ఉదహరించిన పత్రాలలో కొన్నింటిని వేర్వేరు సంవత్సరాల నుంచి, వేర్వేరు దేశాల బృందాల నుంచి ఎంచుకుని, ప్రస్తావన ఉన్న వాక్యాన్ని దాని ముందు వెనుకలతో చదవాలి. ఉపోద్ఘాతంలో పది పేర్ల మధ్య ఒకటిగా వస్తే అది మర్యాద పూర్వక ప్రస్తావన. పద్ధతుల విభాగంలో వస్తే వారి పరికరాన్నో పద్ధతినో వాడుకున్నారని అర్థం. ఫలితాలలోనో చర్చలోనో వచ్చి, మా ఫలితం దానితో ఏకీభవిస్తోందని గాని విభేదిస్తోందని గాని అంటే అది అసలైన ప్రస్తావన. ఖండించడానికి ఉదహరించినా లెక్కలో ఒకటి పెరుగుతుంది కనుక ఈ చదువు తప్పదు. రచయితలు తమ పత్రాలనే ఉదహరించుకున్న వాటిని పక్కన పెట్టాలి.

సంఖ్యలను ఎంతవరకు వాడాలి

హెచ్-ఇండెక్స్‌ను 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. కనీసం 40 సైటేషన్ల చొప్పున వచ్చిన పత్రాలు 40 ఉంటే ఆ సూచి 40. ఐదే పత్రాలు రాసి, ఒక్కొక్క దానికి వేల సైటేషన్లు పొందినవారికి అది 5 దాటదు. వయసు పెరిగినకొద్దీ పెరుగుతుందే గాని తగ్గదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒక జర్నల్‌లోని పత్రాలకు వచ్చే సైటేషన్ల సగటు, దానిని వ్యక్తికి ఆపాదించకూడదు. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న, పరిశోధనను ఎలా మూల్యాంకనం చేయాలో చెప్పే డోరా ప్రకటన కోరింది కూడా ఇదే. పోలిక తప్పనిసరి అయితే, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఐసైట్ సాధనం ఇచ్చే సాపేక్ష సైటేషన్ నిష్పత్తి కొంత మేలు, ఎందుకంటే అది ఒక పత్రాన్ని దాని రంగంలోని పత్రాలతోనే పోలుస్తుంది.

కాలం విషయంలో తొందరపడకూడదు. కోళ్లలో బర్సా అనే అవయవానికి యాంటీబాడీల ఉత్పత్తితో సంబంధం ఉందని బ్రూస్ గ్లిక్ బృందం 1956లో ప్రచురించినది పౌల్ట్రీ సైన్స్ అనే జర్నల్‌లో. ఇమ్యునాలజిస్టులు దానిని చాలా ఏళ్లు గమనించలేదు. తరువాత యాంటీబాడీలను తయారుచేసే బి కణాల అవగాహనకు పునాది అదే అయింది. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో ఇమ్యునిటీ జర్నల్‌లో ప్రచురించిన మార్పులు చేసిన ఆర్‌ఎన్‌ఏ గురించిన పత్రం విలువ లోకానికి తెలియడానికి కోవిడ్ టీకాల దాకా పట్టింది.

పత్రాల బయట ఉన్న జాడలు కూడా చూడాలి. టసుకు హోంజో ప్రయోగశాల పిడి-1 జన్యువును 1992లో కనుగొంది, రోగనిరోధక స్పందనకు కళ్లెం వేయడమే దాని అసలు పని అని 1999లో స్పష్టపడింది, దానిని అడ్డుకునే క్యాన్సర్ మందులకు అమెరికాలో 2014లో అనుమతి లభించింది. ఈ గొలుసును పేటెంట్లు, క్లినికల్ ట్రయల్స్ నమోదు పట్టికలు చూపుతాయి. అలాగే ఉపసంహరించిన పత్రాలు ఉన్నాయేమో పబ్‌మెడ్‌లోనూ, రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లోనూ పరిశీలించాలి. చిన్న సవరణ ప్రకటనకు, ఉపసంహరణకు తేడా ఉంది. తన పొరపాటును తానే గుర్తించి సవరించుకున్న పరిశోధకుడిని అనుమానించడం అన్యాయం.

చివరికి రాసేటప్పుడు ప్రతి ప్రధాన వాదనకు నాలుగు విషయాలు ఉండేలా చూసుకోవాలి: ఏమి కనుగొన్నారు, దానిని స్వతంత్రంగా ఎవరు నిర్ధారించారు, దానివల్ల ఇతరుల పనిలో ఏమి మారింది, ఇంకా ఏది తేలలేదు. సైటేషన్ల సంఖ్య ఇవ్వదలిస్తే ఏ డేటాబేస్ నుంచి, ఏ తేదీన తీసుకున్నదో పక్కనే రాయాలి. సైటేషన్లను లెక్కించే స్కోపస్‌కు, గూగుల్ స్కాలర్‌కు మధ్య లెక్క ఎప్పుడూ తేడాగానే ఉంటుంది.