నల్గొండ నుంచి బయోటెక్ కంపెనీ పెట్టేటోళ్లు పైసలు ఏ వరుసల అడగాలె
మన దిక్కు మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివిన పిల్లలు మస్తుగున్నరు, బత్తాయి తొక్కల నుంచి పెక్టిన్ (జామ్ గట్టిపడేటందుకు వేసేది) తీస్తమనో పత్తి తెగుళ్లకు బ్యాక్టీరియా మందు చేస్తమనో ఐడియాలకు కొదువ లేదు, కానీ పైసల ముచ్చట వచ్చేసరికి అందరు ముందు అడిగేది సబ్సిడీ ఎంతొస్తది అని. ఆడ్నే దెబ్బ తింటరు. టీ-ఐడియా, ఎస్సీ ఎస్టీలకైతే టీ-ప్రైడ్, ఈ 2014 నాటి రాష్ట్ర స్కీములల్ల పెట్టుబడి సబ్సిడీ యూనిట్ నడవడం మొదలైనంక అడుక్కునేది, అంటే లాగోడి ముందు మన జేబుల నుంచే పోవాలె. దాన్ని నమ్ముకొని మిత్తికి తేకుండ్రి.

ముందు గ్రాంట్ చూడుండ్రి. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2012ల పెట్టిన బైరాక్ అనే సర్కారు సంస్థ ఉంది కదా, దాని బిగ్ గ్రాంట్ (కొత్త బయోటెక్ ఐడియాలకు ఇచ్చేది) 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తది, అప్పు గాదు, తిరిగి కట్టేది లేదు. మామూలుగా జనవరి, జులైల అప్లికేషన్లు తీసుకుంటరు. కంపెనీ లేకున్నా మనిషి పేరు మీద పెట్టొచ్చు, కాకపోతే ఇంక్యుబేటర్ల, అంటే కొత్త కంపెనీలకు ల్యాబ్, జాగ ఇచ్చే సంస్థల చేరాలె. హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీల తుర్కపల్లి కాడ ఐకేపీ నాలెడ్జ్ పార్క్ అసొంటిదే, ల్యాబ్ పని ఆడ, పొలం ట్రయల్ ఈడ మన తోటల పెట్టుకుంటే సరిపాయె.

అప్లికేషన్ల "మా మందుతోని రైతుకు మేలైతది" అని రాస్తే ఎవ్వరు పట్టించుకోరు. ఏ స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం), ఏ మట్టిల నుంచి తీసిన్రు, గ్రాముకు సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) ఎంత, మందు కొట్టని మడితోని పోలిస్తే తేడా ఏంది, ఎండాకాలం షాపుల కవర్ల ఉంటే ఆ బ్యాక్టీరియా బతుకుతదా సస్తదా, గివి రాయాలె. ఆఖరిది మనోళ్లు అస్సలు రాయరు, మన ఎండలకు అదే అసలు ప్రశ్న.

కాన్ఫరెన్సుల పోస్టర్ పెట్టకముందే ప్రొవిజనల్ పేటెంట్ (ఐడియా తేదీ ఖాయం చేసే మొదటి దరఖాస్తు) వేసుకోండ్రి, పూర్తిది వేయనీకి 12 నెలల టైముంటది. స్టార్టప్ ఇండియా గుర్తింపు ఉంటే పేటెంట్ ఫీజుల 80 శాతం తగ్గుతది.

బావనో దోస్తో షేర్లకు పైసలు పెడ్తనంటే బ్యాంకు ద్వారానే తీసుకోండ్రి, మునుపటి ఏంజెల్ టాక్స్ (షేర్లను అసలు విలువ కంటే ఎక్కువకు అమ్మితే ఆ ఎక్కువ మీద కంపెనీకి పడే పన్ను) భయం లేదు, 2024 బడ్జెట్ల తీసేసిన్రు.

ఇంకోటి, తెగుళ్ల మందైతే 1968 పురుగుమందుల చట్టం కింద ఫరీదాబాద్‌ల ఉన్న కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ కాడ రిజిస్ట్రేషన్ కావాలె, జీవన ఎరువైతే ఎరువుల కంట్రోల్ ఆర్డర్ కిందికి వస్తది. ఆ టెస్టుల ఖర్చు బడ్జెట్‌ల మొదట్నే రాసుకోండ్రి, గ్రాంట్ అయిపోయినంక యాదికొస్తే ఎవ్వరియ్యరు.