కొడుకు అమెరికా సైన్యంలో, ఈఎంఐ తిరుపతిలో: షట్‌డౌన్‌కు ముందే ఏం చేయాలి?

అక్టోబరు 1 నాటికి అమెరికా కాంగ్రెస్ నిధులు మంజూరు చేయకపోతే షట్‌డౌన్, అంటే డబ్బుల్లేక ప్రభుత్వ పనులు చాలావరకు ఆగిపోవడం. సైనికులు డ్యూటీ మానడానికి వీల్లేదు, జీతం మాత్రం ఆగొచ్చు. జీతాలు 1న, 15న పడతాయి. సెప్టెంబరు రెండో సగం జీతం అక్టోబరు 1న మామూలుగా వచ్చేస్తుంది, చిక్కంతా 15వ తేదీ జీతంతోనే.

2013లో షట్‌డౌన్‌కు ముందురోజే జీతాలకు ప్రత్యేక చట్టం చేశారు. ప్రతిసారీ అలా జరుగుతుందనుకోవద్దు. 2018-19లో కోస్ట్ గార్డుకు జీతం తప్పింది. వాళ్ల నిధులు రక్షణ శాఖవి కావు, హోంల్యాండ్ సెక్యూరిటీ (అంతర్గత భద్రత) శాఖవి. కాబట్టి మీవాడు ఏ దళంలో ఉన్నాడో ముందు అడగండి.

బైరాగిపట్టెడ ఫ్లాటుకు ఈఎంఐ 5న కట్ అవుతుంటే, సెప్టెంబరులోనే రెండు నెలల వాయిదాలు ఆ ఖాతాలో వేయించండి. బౌన్స్ చార్జీ పోతే పోయింది, సిబిల్ స్కోరు పడితే లేవడం కష్టం.

నేవీ ఫెడరల్ వంటి క్రెడిట్ యూనియన్లు (సభ్యుల సహకార బ్యాంకుల్లాంటివి) షట్‌డౌన్‌లో వడ్డీ లేని అప్పు ఇస్తుంటాయి. జీతం అక్కడే జమవుతుండాలి, పేరూ నమోదు చేసుకోవాలి. ఆగిన జీతం రాగానే అందులోంచి అప్పు మినహాయించుకుంటారు, ఆ డబ్బును ఇంకో ఖర్చుకు లెక్కేసుకోకండి. ఆర్మీవాళ్లకైతే ఆర్మీ ఎమర్జెన్సీ రిలీఫ్ అనే సహాయ సంస్థ కూడా ఉంది. నగల తాకట్టు వీటి తర్వాతే.