అంటారియోలో ఉద్యోగమా? ముందు నోటీసు బోర్డు చూడండి

సంక్రాంతికి గాజువాక వచ్చినప్పుడల్లా కెనడా బయల్దేరే కుర్రాళ్లు ఎవరో ఒకరు ఇంటికొస్తారు. చలికోటు ఎక్కడ కొనాలి, గది అద్దెంత, ఇవే ప్రశ్నలు. పనిచోట సేఫ్టీ సంగతి ఎవరూ అడగరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో వెంకటాపురాన్ని స్టైరిన్ గ్యాస్ కమ్మేసిన ఊరివాళ్లం, అందరికంటే ముందు మనమే అడగాలి కదా!

నేను చెప్పేది కెనడాలోని అంటారియో ప్రావిన్సు (మన రాష్ట్రం లాంటిది) మాట, ప్రావిన్సుకో చట్టం. మామూలుగా 20 మంది, ఆపైన పనిచేసే చోట జాయింట్ హెల్త్ అండ్ సేఫ్టీ కమిటీ, అంటే యాజమాన్యం, పనివాళ్లు కలిసి పనిచోట భద్రత చూసే కమిటీ, ఉండి తీరాలి. 6 నుంచి 19 మందయితే ఒక ప్రతినిధి చాలు. కమిటీలో కనీసం ఇద్దరు, పనివాళ్లు 50, అంతకుమించి ఉంటే నలుగురు. సగానికి తగ్గకుండా మనలాంటి పనివాళ్లే ఉండాలి. వాళ్లని ఎంచేది యాజమాన్యం కాదు. యూనియన్, అది లేకపోతే తోటి పనివాళ్లు. సభ్యుల పేర్లు అందరికీ కనబడేలా అంటించాలి. చేరిన రోజే ఆ కాగితం ఫోటో తీసుకోండి.

ఆటోనగర్‌లో నేను ఫిట్టర్‌గా చేసిన షెడ్డులో సేఫ్టీ అంటే గోడమీద రాత, అంతే. ఆ అలవాటుతోనే అంటారియోలో వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ గుద్ది వంగిన ర్యాక్ చూసి కూడా రెండు వారాలు నోరు మెదపలేదు. చివరికి బోర్డు మీద పేరున్న పంజాబీ పెద్దాయనకి చెప్పాను. "మొదటిరోజే చెప్పొచ్చుగా బాబూ" అన్నాడు. కమిటీ సిఫారసు రాసిచ్చింది. అలా రాసిచ్చాక యజమాని 21 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. పనివాళ్ల తరఫు సభ్యుడు నెలనెలా తనిఖీ చేస్తాడు, కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చుంటుంది.

మిమ్మల్ని సభ్యుడిగా రమ్మంటే ఇంగ్లీషు రాదని తప్పుకోకండి. మీటింగుకీ, దానికి ముందు సిద్ధమయ్యే గంటకీ జీతం కడతారు.

పని ప్రమాదమనిపిస్తే చేయననొచ్చు. అలాగని అలిగి ఇంటికి వెళ్లిపోకండి. వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పి, దగ్గర్లోనే భద్రమైన చోట ఉండండి. కమిటీలోని పనివాళ్ల ప్రతినిధి ఎదుటే విచారణ జరగాలి. అప్పటికీ తేలకపోతే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్‌ని పిలవాలి. ఇందుకు ఉద్యోగం తీసేస్తే అది చట్టవిరుద్ధం.