ఎండాకాలం మ్యాచ్‌లకు మస్కట్ వేషం వేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నైకి చదువుకోడానికి వచ్చి, శని ఆదివారాల్లో లోకల్ ఫుట్‌బాల్ క్లబ్బుకి మస్కట్ వేషం, అంటే క్లబ్బు గుర్తుగా ఉండే బొమ్మ సూట్, వేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు. వాళ్ల కోసమూ, వాళ్లని పిలిచే క్లబ్బువాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లంటారు. ఇక్కడ అంతకంటే ముందే, మే మొదటి వారంలోనే తమిళులు కత్తిరి వెయిల్ అనే మండుటెండలు మొదలవుతాయి. 2003 మే 31న చెన్నై నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది. మస్కట్‌ని పడేయడానికి మాత్రం అంత ఎండ అక్కర్లేదు, ఉక్కపోసే మామూలు సాయంత్రం చాలు. ఒళ్లు చల్లబడేది చెమట పట్టడం వల్ల కాదు, ఆ చెమట ఆరడం వల్ల. మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్లితే ఎండ తగ్గినట్టే ఉంటుంది కానీ, ఆ గాలి తేమనీ వెంట తెస్తుంది. దసరా పులివేషం వేసేవాళ్లకి ఒంటినిండా రంగున్నా గాలి తగులుతుంది. స్పాంజి, బొచ్చుగుడ్డ కుట్టిన సూట్లో అదీ ఉండదు. ఎండ, వేడి, తేమ కలిపి లెక్కేసే డబ్ల్యూబీజీటీ 32 డిగ్రీలకు చేరితే ఆటగాళ్లకు కూలింగ్ బ్రేక్ ఉండాలని ఫిఫా చెబుతుంది. నిక్కరు, పల్చటి జెర్సీ వేసుకున్నవాళ్ల సంగతే అది.

అందుకే నేను అన్నిటికంటే ముందు అడిగేది తోడు మనిషిని. క్లబ్బువాళ్లు సూట్ ఎంత ఖరీదైంది కొన్నా సరే, పక్కన ఒక మనిషిని పెట్టకపోతే వేషం వేయొద్దు. సూట్ జిప్పు వీపు మీద ఉంటుంది. చేతులకు నాలుగు వేళ్ల లావుపాటి పంజాలు. ఆ పంజాలతో జిప్పు అందదు, వాటర్ బాటిల్ మూత తిరగదు, ఫోన్ తీయడం కుదరదు. బొమ్మ నోట్లో ఉన్న నల్ల జాలీ లోంచి ఎదురుగా నిలబడ్డవాళ్ల ముఖం కనిపిస్తుందేమో గానీ, మోకాళ్ల దగ్గరున్న పిల్లాడు కనిపించడు. అన్నిటికీ మించి, వడదెబ్బ ముదిరేటప్పుడు బుద్ధి తడబడుతుంది. లోపలున్నవాళ్లకి తమ పరిస్థితి తెలియదు. గ్యాలరీ అరుపులకి ఊపొచ్చి "అన్నా, ఇంకో రౌండ్ వేసొస్తా" అంటారు. "చాల్రా తమ్ముడూ, లోపలికి పద" అనే అధికారం తోడు మనిషికి ఉండాలి. ఆ మాటకి ఎదురు చెప్పకూడదని ముందే ఒప్పుకోండి.

డప్పుల మోతలో గొంతు వినిపించదు కాబట్టి సైగలు కావాలి. తలకాయ ఊపితే డాన్స్ అనుకుంటారు. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే "వెంటనే బయటికి" అని అర్థం, అంతే. రెండు నిమిషాలకోసారి తోడు మనిషి భుజం తట్టాలి. బదులుగా వేషంలో ఉన్నవాళ్లు చెయ్యి ఎత్తకపోతే ఇక ఆలస్యం చేయకుండా బయటికి తీసుకెళ్లాలి.

పిల్లల ముందు బొమ్మ తలకాయ తీయకూడదన్న నియమం మంచిదే, నేనూ దాన్ని గౌరవిస్తాను. కానీ కళ్లు తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, మాట తడబడినా గ్రౌండ్‌లో అందరి ముందే తీసేయాలి. సూట్ విప్పి నీడకు చేర్చండి. ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. మెడకి, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోన్ చేయండి, అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకండి.

ఎంతసేపు వేసుకోవాలంటే, ఎండాకాలంలో మేం పాటించేది ఒక విడతకి పదిహేను నిమిషాలు. ఆ తర్వాత కనీసం అంతసేపు సూట్ విప్పేసి ఫ్యాన్ కింద కూర్చోవాలి. చాలా క్లబ్బులు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. మ్యాచ్ మొదలయ్యే ముందు ఆడించి, ఫస్టాఫ్ అంతా గ్రౌండ్ చుట్టూ తిప్పి, హాఫ్‌టైమ్‌లో మళ్లీ ఫొటోలకి నిలబెడతాయి. హాఫ్‌టైమ్‌లో మస్కట్ కావాలనుకుంటే ఫస్టాఫ్ చివరి ఇరవై నిమిషాలూ గదిలో ఉంచండి. కొత్తవాళ్లని సీజన్ మొదటి మ్యాచ్‌లోనే పూర్తిగా దింపకండి. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అన్ని రోజులూ సాయంత్రాలు కాసేపు వేసుకుని, కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి.

నీళ్లు దాహం వేసేదాకా ఆగి కాదు, పొద్దుటి నుంచే తాగాలి. ఉప్పేసిన మజ్జిగ మంచిది. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, గ్లాసులో కొంచెం పొడి వేసుకుని తాగకూడదు. జ్వరం, విరేచనాలు, రాత్రి నిద్ర లేకపోవడం, ముందు రోజు మందు తాగడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు వేషం వద్దు. జలుబుకి వేసుకునే కొన్ని మాత్రలు చెమటని తగ్గిస్తాయి. బీపీ, గుండె, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఒప్పుకోకండి.

సీజన్ మొదటి రోజు గ్రౌండ్ గేటు దగ్గర గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి దిష్టి తీస్తారు. మస్కట్‌ని ఆ దరిదాపుల్లో నిలబెట్టకండి. సింథటిక్ బొచ్చు ఇట్టే అంటుకుని కరిగి ఒంటికి అతుక్కుంటుంది. టపాకాయలకీ ఇదే మాట. పగిలిన గుమ్మడి ముక్కల మీద ఆ పెద్ద బూట్లు జారతాయి కూడా. గ్యాలరీ మెట్లు ఎక్కొద్దు. టచ్‌లైన్ (గ్రౌండ్ పక్క గీత) పక్కన అసిస్టెంట్ రిఫరీ పరిగెత్తే దారిలోకి వెళ్లొద్దు.

పిల్లల్ని ఎత్తుకోకండి, పంజాలకి పట్టు దొరకదు. భయపడే పిల్లల దగ్గరికి మీరు వెళ్లకుండా, కూర్చుని వాళ్లని రానివ్వండి. ఫొటోల్లో రెండు చేతులూ బయటికి కనిపించేలా పెట్టండి. తోక లాగేవాళ్లని, వెనక నుంచి తోసేవాళ్లని తోడు మనిషే చూసుకోవాలి. మీరు తిరిగి తోయొద్దు.

లోపల వేసుకునే బనియను, తలకి కట్టుకునే గుడ్డ ఎవరివి వాళ్లకే ఉండాలి. ఇద్దరు ముగ్గురు ఒకే సూట్ పంచుకుంటే తామర ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. మ్యాచ్ అయ్యాక సూట్‌ని బ్యాగులో కుక్కేయకుండా లోపలి వైపు బయటికి తిప్పి ఫ్యాన్ కింద ఆరేయండి. క్రిములు చంపే స్ప్రే కొడితే వాసన పూర్తిగా పోయాకే వేసుకోవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో అయితే స్పాంజి తొందరగా ఆరదు, బూజు పడుతుంది. తడి ఉన్న సూట్‌ని ఆ వారం మ్యాచ్‌కి ఇవ్వకండి.