గాయాల్లేకుండా ట్రయాథ్లాన్‌కి ఎలా సిద్ధం కావాలి?

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే రేసు. దీనిలోకి కొత్తగా దిగినవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది పరుగులో. ఆ దెబ్బకి బీజం మాత్రం చాలాసార్లు సైకిల్ మీదో, ఈతకొలనులోనో పడుతుంది. కొన్ని వారాలు ఈదుతూ, తొక్కుతూ ఉంటే దమ్ము పెరుగుతుంది. ఆయాసం రావట్లేదు కదా అని పరుగూ పెంచేస్తాం. కానీ ఎముకలూ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులూ గట్టిపడటానికి నెలలు కావాలి. నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. ఒకే వారంలో పరుగు రెట్టింపు చేసి, తర్వాత ఆరు వారాలు కుంటుతూ తిరిగాను. ఎంత చేయాలన్నది దమ్మును కాదు, కాళ్లను అడిగి తేల్చుకోవాలి.

1. చిన్న దూరంతో మొదలుపెట్టండి

స్ప్రింట్ రేసులో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. ఒలింపిక్ దూరం దీనికి సరిగ్గా రెట్టింపు. మొదటిసారికి స్ప్రింట్ చాలు. ఇప్పటికే కొంత వ్యాయామం అలవాటున్నవాళ్లు కనీసం 12 వారాలు పెట్టుకోవాలి. గుండె జబ్బు, షుగర్, ఛాతీలో నొప్పి లాంటివి ఉంటే ముందు డాక్టర్ని కలవండి.

2. వారాన్ని పేర్చుకోండి

ఈత, సైకిల్, పరుగు ఒక్కోటి వారానికి రెండుసార్లు, ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. రెండు పరుగులూ వరుస రోజుల్లో పడకూడదు. గట్టిగా చేసే సెషన్లు వారానికి ఒకటి, మహా అయితే రెండు. మిగతావన్నీ పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే సాగాలి. ఇంత నెమ్మదిగానా అని చిరాకు వేస్తుంది, వేయనివ్వండి. మూడు వారాలు కొంచెం కొంచెం పెంచి, నాలుగో వారం మూడో వంతు తగ్గించండి.

జ్వరమొచ్చో, ఆఫీసు పనిపడో ఒక వారం పోతే పోనివ్వండి. బాకీ తీర్చినట్టు దాన్ని వచ్చే వారంలో కుక్కితే గాయాన్ని పిలిచినట్టే.

3. పరుగును అన్నిటికంటే నెమ్మదిగా పెంచండి

ఈతలో నీళ్లు మన బరువు మోస్తాయి, సైకిల్ మీద సీటు మోస్తుంది. పరుగులో ప్రతి అడుగుకీ మన బరువుకి రెండుమూడు రెట్ల భారం ఒక్క కాలి మీద పడుతుంది. అందుకే మొదట్లో నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. అడుగు పొడుగ్గా చాచకుండా, పాదం ఒంటి కిందే పడేలా చూసుకోండి. ఒక్కో పరుగు దూరాన్ని కొద్దికొద్దిగానే పెంచండి. కిందటి వారం 5 కిలోమీటర్లు పరిగెత్తినవాళ్లు ఈ వారం 8కి ఎగబాకకూడదు.

సైకిల్ దిగిన వెంటనే పరిగెత్తడం వారానికి ఒకసారి చాలు, అదీ పది నిమిషాలు. సైకిల్ వేగానికి అలవాటుపడి ఉంటాం కాబట్టి, మామూలు కంటే గట్టిగా పరిగెత్తుతున్న సంగతే తెలియదు. మొదటి రెండు నిమిషాలు కావాలనే తగ్గించుకోండి.

4. సైకిల్ సీటు సరిచూడండి

సీటు మీద కూర్చుని, పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మడమ దాని మీద పెట్టండి. కాలు తిన్నగా చాపుకునేంత ఎత్తులో సీటు ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది, కావలసింది అదే. మోకాలి ముందు నొప్పి వస్తుంటే చాలాసార్లు సీటు కిందికి ఉందని అర్థం. వెనక వస్తుంటే మరీ పైకి ఉందేమో చూడండి. మార్చేటప్పుడు నాలుగైదు మిల్లీమీటర్లు మార్చి, కొన్ని రోజులు తొక్కి చూడండి. బరువైన గేరులో ఈడ్చకుండా నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తిరిగేలా తేలిక గేరు వాడితే మోకాళ్లకి సుఖం.

5. ఈతలో భుజం కాపాడుకోండి

చెయ్యి నీళ్లలో పడేటప్పుడు తల మధ్యగీత దాటి అవతలికి పోకూడదు, భుజం నొప్పికి అదో ముఖ్య కారణం. చేతికి తగిలించుకునే ప్యాడిల్స్ జోలికి మొదట్లో పోవద్దు. చెరువులోనో సముద్రంలోనో ఎప్పుడూ ఒంటరిగా దిగకండి.

6. నొప్పిని గుర్తుపట్టడం నేర్చుకోండి

రెండు కాళ్లూ సమానంగా పట్టేసి, రెండుమూడు రోజుల్లో తగ్గితే అది కండరాల అలసట. ఒకే కాలిలో, వేలితో చూపించగలిగినంత చోట, ఎముక మీద నొక్కితే నొప్పి పుడుతుంటే పరుగు ఆపేయాల్సిందే. రాత్రి పడుకున్నా సలుపుతుంటే అస్సలు నాన్చకండి, అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. డాక్టర్ చూడాలి.

మోసం చేసే నొప్పి ఇంకొకటుంది. పొద్దున్నే మడమ వెనక బిగుసుకుపోయి, నాలుగడుగులు వేస్తే వదిలేస్తుంది. వదిలేసింది కదా అని పరిగెత్తితే మర్నాడు ఇంకాస్త ఎక్కువ బిగుస్తుంది. పదికి మూడు మార్కులు దాటని నొప్పి, మర్నాటి పొద్దుటికి మామూలైపోతే జాగ్రత్తగా కొనసాగించవచ్చు. అంతకు మించితే తగ్గించాలి. మాత్ర వేసుకుని మాత్రం ప్రాక్టీసుకి వెళ్లకండి, ఆపమని చెప్పేదాని నోరు నొక్కినట్టవుతుంది.

ఈ ఆటలో ఉన్న వెసులుబాటు ఏమిటంటే, పరుగు ఆగినా మిగతా రెండూ సాధారణంగా ఆగనక్కర్లేదు, అవి నొప్పిని పెంచనంతవరకు. మళ్లీ పరుగు మొదలుపెట్టే ముందు అరగంట నొప్పి లేకుండా నడవగలగాలి. ఆ తర్వాత నిమిషం పరుగు, నిమిషం నడక.

7. కండబలం, తిండి, నిద్ర

వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు చాలు: గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం, స్క్వాట్లు (గుంజీళ్లలా కూర్చుని లేవడం), ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా ఆపి ఉంచడం). మడమలు దించేటప్పుడు నెమ్మదిగా దించండి, పిక్కలకి పని పడేది అక్కడే. బరువు తగ్గుదామని తిండి కోసుకుంటూ ప్రాక్టీసు పెంచితే ఎముకలు బలహీనపడతాయి. ఆడవాళ్లలో నెలసరి తప్పడం దీనికి హెచ్చరిక కావచ్చు. నిద్ర కనీసం ఏడు గంటలు.

8. రేసు వారం

ప్రాక్టీసు సగానికి తగ్గించండి. కొత్త బూట్లు వద్దు, సీటు ఎత్తు ముట్టుకోవద్దు. కాళ్లు ఊరికే ఉండలేక దురద పెడుతుంటే సాయంత్రం కాసేపు నడిచి రండి.